పగ్గం సడలిన క్షణమే గుర్రానికి పాఠం

హైదరాబాదు మలక్‌పేటలోను, దేశంలోని ఇతర పందెపు మైదానాల్లోను పరుగు ముగిసిన థరోబ్రెడ్ (పందేల కోసం పెంచే జాతి) గుర్రాలు కొన్ని సవారీ బడులకు చేరుతుంటాయి. అలాంటి గుర్రం మీదికి కొత్త రౌతు ఎక్కబోయే దృశ్యం దాదాపు ప్రతిచోటా ఒకేలా ఉంటుంది. రికాబులో కాలు పెట్టీ పెట్టకముందే గుర్రం కదిలిపోతుంది. గుర్రం ఆలనాపాలనా చూసే సైసు కళ్ళెం పట్టుకుని ఆపబోతే తల ఎగరేసి వెనక్కి జరుగుతుంది. ఎలాగో జీనులో కుదురుకున్నాక నెమ్మదించమని పగ్గాలు లాగితే వేగం పెంచుతుంది. ఇంకా గట్టిగా లాగితే మెడ చాచి, కళ్ళెం మీద బరువంతా వేసి, మరింత దూకుడుగా పోతుంది. మడమ డొక్కకు తగిలితే ఒక్క ఉదుటున ముందుకు దూకుతుంది, లేదా ఉన్నచోటనే బిగదీసుకుని తోక విసురుతుంది. వారం తిరిగేసరికి దానికి చండి గుర్రమన్న పేరు స్థిరపడుతుంది, ఆ పేరు వెనకే మరింత కఠినమైన కళ్ళెం, మరింత పొడవైన కొరడా వచ్చి చేరతాయి.

ఆ గుర్రం అంతకుముందు ఏ బడిలో చదివిందో తెలిసినవారికి ఇందులో అవిధేయత ఒక్కటీ కనిపించదు. పందెపు లాయాల్లో రౌతును చాలావరకు నడుస్తున్న గుర్రం మీదికే, మోకాలి కింద చెయ్యి ఆనించి, ఒక్క ఊపులో ఎక్కిస్తారు. నిశ్చలంగా నిలబడమని దాన్ని ఎవరూ అడిగి ఉండరు. తెల్లవారుజాము కసరత్తులో రౌతు పగ్గాలు బిగించి పట్టుకుంటాడు, గుర్రం ఆ బిగువుకు ఆనుకుని దౌడు తీస్తుంది. కాబట్టి నోట్లో బిగువు పెరిగితే అది పరుగుకు సిద్ధపడుతుంది, ఆగాలన్న ఆలోచనే దానికి రాదు. జాకీ రికాబులు బాగా పొట్టిగా ఉండి, అతని కాళ్ళు గుర్రం వీపు దగ్గరే ముడుచుకుని ఉంటాయి. డొక్కలకు ఇరువైపులా మనిషి కాళ్ళు వేలాడడం, ఆ కాళ్ళ ఒత్తిడికి ఒక అర్థం ఉండడం దానికి పూర్తిగా కొత్త సంగతులు. రెండేళ్ళ వయసు నుంచి రోజూ నూరిపోసిన పాఠాన్నే అది తప్పు లేకుండా అప్పజెబుతోంది.

తెలుగులో రౌతు మీద రెండు సామెతలు బాగా వాడుకలో ఉన్నాయి. ‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది’ అన్నది ఒకటి, ‘రౌతు కొద్దీ గుర్రం’ అన్నది రెండవది. మొదటిది మనుషులను అదుపులో పెట్టే సందర్భాల్లో ఎంత సరిపోతుందో గాని, గుర్రం విషయంలో మాత్రం దారి తప్పించే మాట. నిజంగానే మూడు కాళ్ళ మీద నడుస్తున్న గుర్రానికి నాలుగో కాలు నొప్పి పెడుతూ ఉండడానికే అవకాశం ఎక్కువ. రౌతు మెత్తదనాన్ని వెతికే ముందు ఆ కాలు ఎత్తి చూడవలసి ఉంటుంది. మొండికేసిన గుర్రాన్ని దారికి తెచ్చే పని జీను మీద కూర్చుని మొదలుపెట్టేది కాదని, నేల మీద నిలబడి దాని ఒంటిని పరీక్షించడంతో మొదలవుతుందని ఈ రంగంలో అనుభవమున్న పశువైద్యులు, శిక్షకులు పదేపదే చెబుతారు.

పరీక్ష నోటితో ప్రారంభించడం మేలు. గుర్రం పళ్ళు జీవితంలో ఎక్కువ కాలం చిగుళ్ళలోంచి పైకి వస్తూనే ఉంటాయి. గడ్డి నమిలే అరుగుదల ఆ పెరుగుదలకు సరిపోవాలి. పైదవడ దంతాలు కిందివాటికన్నా వెడల్పుగా అమరి ఉంటాయి కాబట్టి అరుగుదల సమానంగా ఉండదు. పై దంతాల బయటి అంచులు, కింది దంతాల లోపలి అంచులు కత్తివాదరలా తేలి బుగ్గను, నాలుకను కోస్తుంటాయి. ముందు పళ్ళకు, వెనక దంతాలకు మధ్య ఉన్న ఖాళీ చిగురు మీద కళ్ళెం ఇనుము ఆనుతుంది. అక్కడ పలచని చర్మం కిందనే ఎముక ఉంటుంది. బుగ్గలో పుండున్న గుర్రం పగ్గం లాగగానే తల ఎగరేస్తే అది నొప్పి నుంచి తప్పుకోవడమే. ఏడాదికి ఒకసారైనా దంతాలను ఆకురాయితో అరగదీయించకుండా తల ఎగరేసే అలవాటును శిక్షణతో మాన్పించాలనుకోవడం వృథా ప్రయాస.

నోటి తరువాత వీపు. జీను లోపలి చట్రం ఒక గుర్రానికి సరిపోయిందంటే మరో గుర్రానికి సరిపోతుందని నమ్మకం లేదు, ఒకే గుర్రానికైనా కండ పెరిగినప్పుడు, తగ్గినప్పుడు కొలత మారిపోతుంది. జీను దించాక కింద చెమట పరుచుకున్న తీరు చూస్తే చాలా తెలుస్తుంది: అంతా తడిగా ఉండి మధ్యలో అరచేయంత మేర పొడిగా మిగిలిందంటే అక్కడ జీను అతిగా నొక్కుతోందని అనుమానించాలి. భుజాల వెనక తెల్ల వెంట్రుకలు మొలిచాయంటే ఆ నొక్కుడు చాలాకాలంగా సాగినట్టే. పొట్ట కింద పట్టీ బిగించేటప్పుడు చెవులు వెనక్కి వాల్చి కరవబోయే గుర్రానికి కడుపులో పుండ్లు ఉండవచ్చు. గుర్రం కడుపు తిన్నా తినకపోయినా నిరంతరం ఆమ్లాన్ని ఊరిస్తూనే ఉంటుంది, ఎందుకంటే రోజులో సగానికి పైగా మేస్తూ గడిపే జంతువు అది. ఉదయం, సాయంత్రం దాణా పెట్టి మిగతా సమయమంతా ఖాళీ లాయంలో నిలబెట్టే పద్ధతిలో ఆ ఆమ్లం కడుపు గోడలనే తింటుంది. పందెపు గుర్రాల్లో ఈ పుండ్లు చాలా సాధారణం. గిట్టల సంగతి లాడాలు కొట్టే నాల్‌బందు చూస్తాడు. లాడం ఊడిన రోజు మాత్రమే అతన్ని పిలిపించడం కాకుండా ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి రప్పించడం అవసరం.

నొప్పిని గుర్తించడం ఊహ మీద వదిలేయవలసిన పని కూడా కాదు. ఇంగ్లండుకు చెందిన అశ్వవైద్య నిపుణురాలు స్యూ డైసన్, ఆమె సహచరులు సవారీలో ఉన్న గుర్రం చూపే 24 ప్రవర్తనలను జాబితాగా కూర్చి 2018లో ప్రచురించారు. చెవులు అయిదు సెకన్లకు మించి వెనక్కి వాలి ఉండడం, నోరు మాటిమాటికి తెరవడం, తోక విసరడం, ఒకవైపు తల వంచి నడవడం, ముందుకు కదలడానికి వెనకాడడం, ముంగాళ్ళెత్తి లేవడం వంటివి అందులో ఉన్నాయి. వీటిలో ఎనిమిదీ అంతకు మించీ కనిపిస్తే కండరాలకో ఎముకలకో సంబంధించిన నొప్పి ఉండే అవకాశం బలంగా ఉన్నట్టు లెక్క. ఈ జాబితాను ఒకసారి చదివి సవారీ బడి మైదానం అంచున పావుగంట నిలబడితే, రోజూ చూస్తున్న గుర్రాలే కొత్తగా కనిపించడం మొదలవుతుంది.

నొప్పిని తీర్చడానికి బదులు అది పైకి కనబడకుండా చేసే సరంజామా మాత్రం బజారులో కొల్లలు. నోరు తెరవకుండా ముక్కుపట్టీ బిగించడం అందులో అతి సాధారణం. ముక్కు ఎముకకు, ఆ పట్టీకి మధ్య రెండు వేళ్ళు దూరే ఖాళీ ఉండాలన్నది పాత నియమం, దాన్ని పాటించని పట్టీ గుర్రం నోరు నొక్కేయడమే. పెళ్ళి ఊరేగింపుల్లోను, బండ్లకును వాడే గుర్రాల నోళ్ళలో ముళ్ళ కళ్ళేలు ఇప్పటికీ కనిపిస్తాయి. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం కింద 1965లో వచ్చిన నియమావళి ముళ్ళు, బొడిపెలు ఉన్న కళ్ళేలను సవారీకైనా బండికైనా వాడరాదని స్పష్టంగా నిషేధించింది. చట్టం మాట అటుంచినా, పుండుపడిన నోరు మానేటప్పుడు గట్టిపడి మొద్దుబారుతుంది, మొద్దుబారిన నోటికి ఇంకా పదునైన ఇనుము కావలసి వస్తుంది. ఈ దారి వెంట వెళ్ళినవారెవరూ చివరికి తేలికైన చేత్తో సవారీ చెయ్యగలిగిన దాఖలా లేదు.

ఒంట్లో బాధ లేదని నిర్ధారించుకున్నాక రెండవ ప్రశ్న వస్తుంది: అడిగినది దానికి అర్థమైందా? గుర్రానికి లోకం మనకు కనిపించినట్టు కనిపించదు. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల దాదాపు చుట్టూ చూడగలదు గాని నుదుటికి సరిగ్గా ముందు, తోకకు సరిగ్గా వెనక కనిపించని చోట్లు ఉంటాయి. ఎండలోంచి చీకటి షెడ్డులోకి అడుగుపెట్టేటప్పుడు దాని కళ్ళు చీకటికి అలవాటు పడడానికి మన కళ్ళకన్నా చాలా ఎక్కువ సేపు పడుతుంది. గడప దగ్గర ఆగిపోయిన గుర్రాన్ని వెనకనుంచి కొట్టి తోలేవారు, తనకేమీ కనిపించని గుహలోకి దూకమని దాన్ని అడుగుతున్నారన్నమాట. ఇక స్పర్శ సంగతి చెప్పనే అక్కరలేదు. వాలిన ఒక్క ఈగను కనిపెట్టి ఆ మేరకు చర్మాన్ని ఝాడించగల జంతువుకు మడమ పోటు అవసరమని ఎలా అనుకుంటున్నామో ఆలోచించాలి.

మనిషి శరీరాన్ని గుర్రం ఎంత సూక్ష్మంగా చదువుతుందో చెప్పడానికి బెర్లిన్‌లోని హాన్స్ అనే గుర్రం కథను మించిన ఉదాహరణ దొరకదు. విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే విశ్రాంత గణితోపాధ్యాయుడి ఆ గుర్రం కూడికలు, తీసివేతలకు గిట్టతో నేల తట్టి జవాబులు చెబుతుంటే 1904లో ఒక పరిశీలక బృందాన్నే వేయవలసి వచ్చింది. ఆస్కర్ ఫుంగ్స్ట్ అనే పరిశోధకుడు జరిపిన ప్రయోగాల్లో అసలు సంగతి బయటపడింది: ప్రశ్న అడిగినవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలిసేది కాదు. సరైన అంకె రాగానే అడిగినవాడి తల తనకు తెలియకుండానే రవ్వంత కదిలేది, హాన్స్ ఆ కదలిక చూసి తట్టడం ఆపేది. గుర్రానికి లెక్కలు రావని తేలడంతో చాలామంది ఆ కథను అక్కడితో ముగిస్తారు. సవారీ చేసేవారు మాత్రం అక్కడినుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే అడిగినవారికే తెలియని కదలికను చదివే జంతువు జీను మీది మనిషి బిగుసుకోవడాన్ని, ఊపిరి పట్టడాన్ని చదవకుండా ఎలా ఉంటుంది? స్వీడన్‌లో 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో గుర్రాన్ని నడిపించేవారికి, ఎక్కినవారికి ఈసారి దారిలో గొడుగు తెరుస్తామని చెప్పారు. గొడుగు ఎవరూ తెరవలేదు. అయినా మనుషుల గుండె వేగంతో పాటు గుర్రాల గుండె వేగమూ పెరిగింది.

ఇంత గ్రహించగల జంతువు నేర్చుకోకపోవడానికి కారణం ఎక్కువగా నేర్పే పద్ధతిలోనే ఉంటుంది. సవారీలో వాడే సంకేతాల్లో చాలావరకు ఒత్తిడి మీద ఆధారపడినవి: పగ్గం బిగువు, పిక్క నొక్కు, తాడు లాగుడు. అయితే ఒత్తిడి దానంతట అది గుర్రానికి ఏమీ నేర్పదు, ఇబ్బంది పెడుతుంది, అంతే. ఆ ఇబ్బందిని తప్పించుకోవడానికి గుర్రం రకరకాల పనులు చేసి చూస్తుంది. ఏ పని చేసిన మరుక్షణం ఒత్తిడి తొలగిందో ఆ పనినే జవాబుగా గుర్తుపెట్టుకుంటుంది. మరుక్షణమన్నది ఇక్కడ కీలకమైన మాట. ఒకటి రెండు సెకన్లు ఆలస్యమైతే ఆ లోపల గుర్రం మరో పని మొదలుపెట్టేస్తుంది, సడలింపు ఆ రెండో పనికి బహుమతిగా చేరుతుంది.

దీన్ని దగ్గరగా చూడాలంటే కదలని గుర్రం మీద, నడిపించకుండా, ఒక్క పగ్గంతో చేసే చిన్న అభ్యాసం చాలు. కుడి చేతి ఉంగరపు వేలు తడిగుడ్డ పిండినట్టు మెల్లగా ముడుచుకుంటుంది. మొదట ఏమీ జరగదు. గుర్రం చెవి ఒకటి వెనక్కి తిరుగుతుంది. వేలు అలాగే ఉంటుంది, బిగువు పెరగదు, తగ్గదు. గుర్రం తల కొద్దిగా పైకెత్తి చూస్తుంది, చెయ్యి దాని వెంటే వెళుతుంది గాని వదలదు. తరువాత దవడ కదులుతుంది, ముట్టె రెండంగుళాలు కుడివైపు వస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో వేలు తెరుచుకోవాలి. ముట్టె రౌతు మోకాలి దాకా వచ్చే వరకు ఆగుదామన్న ఆశతో ఇంకో క్షణం పట్టుకుని ఉంటే ఆ ప్రయత్నానికి ఫలితం లేదని గుర్రం తేల్చుకుని వ్యతిరేక దిశలో లాగుతుంది. పదిసార్లు సమయానికి వదిలిన చేతికి పదకొండోసారి వేలు ముడవబోతుండగానే జవాబు దొరుకుతుంది.

ముంగాళ్ళెత్తి లేచే అలవాటు కూడా సరిగ్గా ఇదే సూత్రంతో, తెలియకుండా నేర్పినదే. రౌతు ఒకేసారి మడమతో పొమ్మని, పగ్గంతో ఆగమని చెబుతాడు. ముందుకు దారి లేదు, నిలబడడానికి వీల్లేదు. మిగిలినది పైదారి ఒక్కటే. గుర్రం లేస్తుంది, రౌతు భయపడి పగ్గాలు వదిలేస్తాడు, కాళ్ళు సడలిస్తాడు, ఒక్కోసారి దిగిపోతాడు కూడా. రెండు ఒత్తిళ్ళూ ఒక్కసారిగా మాయమయ్యాయి కాబట్టి అది దానికి దొరికిన అతి గొప్ప బహుమతి. దీనికి విరుగుడు మనిషి ఒకసారి ఒక్క మాటే చెప్పడం: చెయ్యి మాట్లాడేటప్పుడు కాలు, కాలు మాట్లాడేటప్పుడు చెయ్యి మౌనంగా ఉండాలి. అప్పటికే లేవడం అలవాటైన గుర్రం మీద ఈ విరుగుడును అనుభవమున్న శిక్షకులే ప్రయోగించాలి; దాదాపు అయిదు వందల కిలోల జంతువు వెనక్కి పడితే కింద ఉన్న మనిషి బతకడం కష్టం.

పందెపు గుర్రానికి తిరిగి నేర్పడంలో మొదటి మెట్టు ఎవరూ ఎక్కకపోవడం. పరుగు మానిన తరువాత కొన్ని వారాలు, వీలైతే రెండు మూడు నెలలు, తోటి గుర్రాలతో బయట తిరగనిచ్చి, గింజ దాణా తగ్గించి, గడ్డి ఎప్పుడూ నోటికందేలా చేస్తే, శిక్షణకు ముందే సగం దూకుడు దిగిపోతుంది. మన పెద్దలు గుర్రాలకు ఉలవలు ఉడికించి పెట్టింది అవి రోజంతా పని చేసినందుకు; పని లేని గుర్రానికి అదే మేపు పెట్టి, రోజుకు ఇరవైమూడు గంటలు కట్టేసి, మిగిలిన గంటలో నెమ్మదిగా నడవమనడం న్యాయం కాదు.

రెండవ మెట్టు నిలబడడం. ఎక్కడానికి వాడే చెక్క మెట్ల దగ్గరకు గుర్రాన్ని తెచ్చి పగ్గాలు వదులుగా ఉంచాలి. అది మూడు సెకన్లు కదలకుండా ఉంటే మెడ మీద, భుజాల దగ్గర వేళ్ళతో గీకి పక్కకు తీసుకెళ్ళిపోవాలి. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో నిమురుకునే చోటు అదే, అక్కడ గీకితే గుండె వేగం తగ్గుతుందని పరిశీలనల్లో తేలింది. అందరూ అలవాటుగా చరిచే దెబ్బకన్నా దానికి అది ఎక్కువ అర్థమవుతుంది. మరునాడు మెట్టు మీద మనిషి నిలబడతాడు, ఆ తరువాత జీను మీద చెయ్యి వేస్తాడు, బరువు ఆనిస్తాడు, దిగిపోతాడు. కదిలితే శిక్ష లేదు, మళ్ళీ అదే చోటుకు తెచ్చి మొదటినుంచి మొదలు. ఈ పనికి ఒక గుర్రం నాలుగు రోజులు తీసుకుంటే మరొకటి నెల తీసుకుంటుంది. ఆ నెల వృథా అయిందనుకునేవారు తరువాతి ఏళ్ళలో ప్రతిరోజూ ఇద్దరు మనుషుల సాయంతో ఎక్కవలసి వస్తుంది. కాలి సంకేతాన్నీ ఇలాగే, ముందు నేల మీద నిలబడి డొక్క మీద వేళ్ళ ఒత్తిడికి పక్కకు జరగడం నేర్పి, ఆ తరువాత జీను మీదినుంచి పిక్కతో అడగడం మేలు.

భయం వేరే సంగతి. అర్థం కాని గుర్రానికి స్పష్టత కావాలి, భయపడే గుర్రానికి దూరం కావాలి. ప్లాస్టిక్ పట్టా చూసి బెదిరే గుర్రాన్ని ఆ పట్టా దగ్గరే కట్టేసి అలసిపోయేదాకా గింజుకోనిస్తే అది చివరికి కదలకుండా నిలబడే మాట నిజమే. ఆ నిలబడడాన్ని చూసి భయం తీరిందనుకుంటారు. తల వాల్చి, కళ్ళలో మెరుపు లేక, ముట్టె బిగదీసుకుని, ఈగ వాలినా తోక కదపని గుర్రం ప్రశాంతంగా లేదు. తప్పించుకునే ఆశ వదులుకుంది. అలా ఆశ వదులుకున్న గుర్రం ఒకరోజు, ఏ హెచ్చరికా లేకుండా, తన్ని పారిపోతుంది. ముప్పై అడుగుల దూరంలో, గుర్రం చూసి కూడా గడ్డి నమలగలిగేంత దూరంలో పట్టాను పరిచి, రోజుకు కొంచెం చేరువ చేస్తూ పోవడంలో ఆర్భాటం ఉండదు, చూసేవారికి వినోదమూ ఉండదు. కాని గుర్రం అప్పుడు నేర్చుకున్నది నిలుస్తుంది.

రౌతు వైపు పని కూడా తక్కువేమీ కాదు. ట్రాట్‌లో, అంటే నడకకూ దౌడుకూ మధ్య ఉండే కుదుపుల పరుగులో, జీను మీద పైకీ కిందికీ ఎగిరిపడుతూ నిలదొక్కుకోవడానికి పగ్గాలు పట్టుకునే మనిషి తనకు తెలియకుండానే అడుగడుగునా ఆగమని చెబుతుంటాడు. ఆ మాట విని విని గుర్రం వినడం మానేస్తుంది. అందుకే మంచి సవారీ బడుల్లో శిక్షకుడు పొడవాటి తాడుతో గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతుండగా, విద్యార్థి చేతిలో పగ్గాలే లేకుండా కొన్ని వారాలు కూర్చోబెడతారు. నడుము గుర్రం వీపుతో కలిసి కదలడం వచ్చాకే చేతులకు స్వతంత్రం వస్తుంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత డ్రెసాజ్ (రౌతు సూక్ష్మ సంకేతాలకు గుర్రం నిర్ణీత కదలికలు చూపే పోటీ) జట్టు స్వర్ణం గెలిచింది. 1982 తరువాత గుర్రపు స్వారీలో మన దేశానికి వచ్చిన తొలి స్వర్ణం అదే. ఆ పోటీల దృశ్యాలు చూసినవారికి రౌతులు ఏమీ చేయకుండా కూర్చున్నట్టే అనిపిస్తుంది. ఏమీ చేయనట్టు కనిపించేంత తక్కువ చేయడమే ఆ ఆటలో కష్టం.

మాలిమి అన్న మన మాట ఈ సంబంధానికి చక్కగా అతుకుతుంది. సవారీ చేసే గంటకన్నా మిగతా ఇరవైమూడు గంటల్లోనే అది ఎక్కువగా కుదురుతుంది, ఆ గంటల్లో గుర్రంతో ఉండేవాడు సైసు. మేత పెట్టేది, ఒళ్ళు తోమేది, గిట్టలు శుభ్రం చేసేది అతనే, నిన్నటికీ ఇవాళ్టికీ నడకలో తేడాను ముందుగా గమనించేదీ అతనే. అయినా గుర్రం మొండికేస్తోందని సమావేశమయ్యేటప్పుడు యజమాని, శిక్షకుడు, వైద్యుడు మాట్లాడుకుంటారు గాని సైసును అడిగేవారు అరుదు. అతను లాగి పట్టుకుని నడిపిస్తే, రౌతు వదులుగా పట్టుకుని నడిపిస్తే గుర్రానికి రోజూ రెండు బడులు నడుస్తున్నట్టే. ఇద్దరి చేతులూ ఒకే భాష మాట్లాడేలా అతనికీ శిక్షణ ఇవ్వడం, తగిన జీతం ఇవ్వడం గుర్రం శిక్షణలో భాగమే.

ఇవన్నీ చేసినా కొన్ని గుర్రాలు కొందరికి కుదరవు. వీపు ఎముకల్లో జబ్బున్న గుర్రాన్ని మందులతో సవారీకి నెట్టడం కన్నా మేతకు వదిలేయడం మంచిది. చురుకైన గుర్రాన్ని కొత్తగా నేర్చుకునేవారి నుంచి తప్పించి అనుభవజ్ఞుడికి అప్పగించడంలో చిన్నతనం లేదు. అలా చేతులు మారేటప్పుడు గుర్రంతో పాటు పందేల లెక్క, వంశావళి కాగితాలు వెళతాయి గాని, అది ఏ వైపునుంచి ఎక్కితే బెదురుతుందో, ఏ కళ్ళేనికి నోరు తెరిచిందో, ఏ జీను కింద వీపు వాచిందో, దేన్ని చూసి ఆగిపోతుందో, ఎక్కడ గీకితే కళ్ళు మూసుకుంటుందో ఆ కాగితాల్లో ఉండదు. ఒక్క తెల్లకాగితం మీద సైసును అడిగి ఆ నాలుగు ముక్కలూ రాసి పంపితే, కొత్త లాయంలో మొదటి ఉదయం రికాబులో కాలు పెట్టబోయేవారికి ఆ గుర్రం ఇంతకుముందు ఏం నేర్చుకుని వచ్చిందో తెలుస్తుంది.